పాలు, పల్లీలు పడని ఐదేళ్ళ పాపకు కంచంలో ఏం పెట్టాలి? (హైదరాబాద్)

మియాపూర్_మామ్:

పాపకు ఐదేళ్ళు, బరువు 18 కిలోలు. పాలు, పల్లీలు రెండూ పడవని అలర్జీ డాక్టర్ తేల్చారు. పాలు తాగితే పది నిమిషాల్లో దద్దుర్లు, వాంతులు. పల్లీ చట్నీ తింటే పెదాలు వాచి, ఆగకుండా దగ్గు. స్కిన్ ప్రిక్ టెస్టులో కూడా ఆ రెండే గట్టిగా వచ్చాయి. ఇంతవరకూ గందరగోళం లేదు.

తర్వాత ఎవరో చెప్పారని ల్యాబ్‌లో పెద్ద బ్లడ్ ప్యానెల్ చేయించాం. అందులో గుడ్డు, గోధుమ, కందిపప్పు, వంకాయ, నువ్వులు కూడా పాజిటివ్. నువ్వులు ఎప్పుడూ పెట్టలేదు గానీ మిగతావన్నీ అంతకుముందు హాయిగా తినేది. ఇంట్లో పెద్దవాళ్ళు భయపడి అన్నీ బంద్ చేశారు. ఇప్పుడు అన్నం, చారు, ఆలుగడ్డ వేపుడు, అరటిపండు, మీల్ మేకర్, వీటితోనే నడుస్తోంది. మాంసాహారం తినే ఇల్లే.

తెలిసినవాళ్ళు చెప్పండి: పాలు లేకుండా కాల్షియం ఎలా పూడ్చాలి? పెరుగన్నం లేనిదే భోజనం ముగించదు, దానికేం చేయాలి? వంటకు ఏ నూనె? బయట తినాల్సి వస్తే ఏం అడగాలి? జూన్‌లో ఒకటో తరగతి, స్కూల్లో ఏం చెప్పి పెట్టాలి?

తార్నాక_డైటీషియన్:

మేడమ్, ముందు ఆ ప్యానెల్ సంగతి తేల్చుకోండి. పాప కంచం సగం ఖాళీ అయింది ఆ రిపోర్టు వల్లే.

రక్తంలో ఒక పదార్థానికి ఐజీఈ కనిపించిందంటే ఒంట్లో దానికి అలర్జీ రకం యాంటీబాడీలు ఉన్నాయని అర్థం, అంతవరకే. తింటే రియాక్షన్ వస్తుందా రాదా అన్నది ఆ అంకె ఒక్కటే చెప్పలేదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల్లోపు దద్దుర్లో వాపో వాంతో దగ్గో వచ్చి ఉండాలి, దానికి టెస్టు తోడవ్వాలి. అప్పుడే అలర్జీ అంటారు. అందుకే అనుమానం ఉన్నవాటికే టెస్టు రాయాలి. పదుల కొద్దీ పదార్థాలకు ఒకేసారి చేయిస్తే ఇలాంటి ఉత్తుత్తి పాజిటివ్‌లు వస్తూనే ఉంటాయి. పల్లీ కూడా పప్పుజాతిదే. దాని ప్రోటీన్లకూ కంది, శనగ ప్రోటీన్లకూ పోలిక ఉంది కాబట్టి పల్లీ పడనివాళ్ళ రక్తంలో పప్పులకు పాజిటివ్ రావడం మామూలే. వాళ్ళలో ఎక్కువమంది పప్పన్నం నిక్షేపంగా తింటారు.

ఒక కాగితం మీద గుడ్డు, గోధుమ, కంది, వంకాయ అని రాసి, ఒక్కోదాని పక్కన చివరిసారి ఎప్పుడు, ఎంత తిన్నది, ఏమైనా అయిందా అన్నది వేయండి. దాంతో అదే అలర్జీ డాక్టర్ దగ్గరికి వెళ్ళి, వీటిని ఎప్పుడు, ఎంతతో మళ్ళీ మొదలుపెట్టాలో చెప్పించుకోండి. నెలలు గడపొద్దు. పడుతున్న పదార్థాన్ని ఊరికే ఆపేస్తే ఒంటికి అలవాటు తప్పి, మళ్ళీ పెట్టిన రోజున నిజంగానే రియాక్షన్ రావచ్చు. ఎగ్జిమా (దురదతో కూడిన చర్మ జబ్బు) ఉన్న పిల్లల్లో ఈ భయం ఎక్కువ. నువ్వుల దారి వేరు. పాప ఎప్పుడూ తినలేదు, పల్లీ అలర్జీ ఉంది, టెస్టూ పాజిటివ్. ఇంట్లో "కొంచెం నాకించి చూద్దాం" అనుకోవద్దు. దానికి ఆసుపత్రిలో ఓరల్ ఫుడ్ చాలెంజ్ అని చేస్తారు: చిటికెడు కంటే తక్కువతో మొదలుపెట్టి, పదిహేను నుంచి ముప్పై నిమిషాలకోసారి మోతాదు పెంచుతూ, ఇంజెక్షన్ పక్కనే పెట్టుకుని. ఇంకో మాట, ఎవరైనా "ఫుడ్ ఇంటాలరెన్స్" అంటూ ఐజీజీ (ఇంకో రకం యాంటీబాడీ) ప్యానెల్ అంటగట్టబోతే డబ్బు తగలేయకండి. ఐజీజీ ఉందంటే ఆ తిండి తింటున్నారని గుర్తు. అలర్జీతో దానికి సంబంధం లేదు.

ఇక లెక్కలు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2020 ప్రమాణాల ప్రకారం 4 నుంచి 6 ఏళ్ళ పిల్లలకు రోజుకు ప్రోటీన్ సుమారు 16 గ్రాములు, కాల్షియం 550 మిల్లీగ్రాములు. ప్రోటీన్ గురించి బెంగ అక్కర్లేదు. ఒక గుడ్డులో 6 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో ఆరున్నర, రెండు పూటల అన్నంలో మరో ఏడెనిమిది. గుడ్డు, పప్పు వెనక్కి వస్తే చాలు, లెక్క దాటిపోతుంది.

కాల్షియం దగ్గరే అసలు లోటు. అర లీటరు పాలు 600 మిల్లీగ్రాముల దాకా ఇచ్చేవి. ఆ గొయ్యి ఒక్క పదార్థంతో పూడదు. 40 గ్రాముల రాగిపిండిలో 140, 30 గ్రాముల ఉలవల్లో 80, 20 గ్రాముల పచ్చి మునగాకులో 60. ఈ మూడూ కలిపితే 280. కాల్షియం చేర్చిన సోయా పాలు 200 మిల్లీలీటర్లు ఇస్తే ఇంకో 240 వస్తుంది (ప్యాకెట్ మీద 100 మిల్లీలీటర్లకు 120 అని ఉంటేనే, లేకపోతే సోయాలో సహజంగా ఉండేది చాలా తక్కువ). మీల్ మేకర్ తింటోంది కాబట్టి సోయా పడుతున్నట్టే. ఆ ప్యాకెట్ బాగా ఊపి పోయాలి, చేర్చిన కాల్షియం అడుగున పేరుకుంటుంది. ఊపకుండా పోస్తే పాపకు పైనున్న నీళ్ళు, చివరి గ్లాసు తాగినవాళ్ళకు సున్నం.

కాగితం మీద 520 వచ్చినా రోజూ రాగులు, ఉలవలు, మునగాకు మూడూ తినే పిల్ల ఎక్కడా ఉండదు. వారం మొత్తానికి చూస్తే రోజుకు 300 నుంచి 350 తిండిలోంచి వస్తే మంచిదే. మిగిలిన 200 సిరప్ రూపంలో ఇవ్వాలా, విటమిన్ డి ఎంత అన్నది పిల్లల డాక్టర్‌తో రాయించుకోండి. కాల్షియం కార్బొనేట్ అయితే అన్నం తిన్నాక ఇవ్వాలి. పాలకూరను మాత్రం ఈ లెక్కలో వేయకండి. అందులో కాల్షియం ఉన్నా ఆక్సలేట్ పట్టి ఉంచుతుంది, ఒంటికి అందేది కొద్దే. ముల్లుతో సహా తినే చిన్న చేపలు వారానికి రెండుసార్లు పెడితే కాల్షియంతోపాటు బీ12 కూడా కలిసొస్తుంది. పాలు పోయినప్పుడు బీ12, బీ2 కూడా పోతాయని చాలామంది మర్చిపోతారు. మీ ఇంట్లో గుడ్డు, చేప, మాంసం ఉన్నాయి కాబట్టి ఫర్వాలేదు. శాకాహారుల పిల్లలకైతే బీ12 విడిగా ఇవ్వాల్సిందే.

రాగులు మొలకెత్తించి వాడితే ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్ తగ్గి ఖనిజాలు బాగా ఒంటబడతాయి. రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వంచి, తడిగుడ్డలో మూటకట్టి ఒక రోజు ఉంచండి. తెల్లటి మొలక కనిపించగానే నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పట్టించండి. మొలక పొడుగు సాగనిస్తే పిండి చేదెక్కుతుంది. షాపుల్లో దొరికే "రాగి మాల్ట్" డబ్బాల్లో పాలపొడో, బాదం, జీడిపప్పుల పొడో కలిసి ఉంటాయి, అవి వద్దు.

గేదె పాలు, మేక పాలు, ఏ2 పాలు మార్చి చూడమని సలహాలు వస్తాయి. ఆవు పాలు పడనివాళ్ళలో చాలామందికి అవీ పడవు, ప్రోటీన్లు దాదాపు ఒకటే. లాక్టోజ్ ఫ్రీ పాలలో తీసేది చక్కెరను; ప్రోటీన్ అలాగే ఉంటుంది. బాదం పాలు, కొబ్బరి పాలు పాయసానికి బాగుంటాయి కానీ ప్రోటీన్ లెక్కలో నీళ్ళతో సమానం.

వంటింటి_లేబుల్:

నూనె గురించి. బాగా రిఫైన్ చేసిన పల్లీ నూనెలో ప్రోటీన్ దాదాపు ఉండదు. గానుగ నూనె అలా కాదు. ఇప్పుడు ప్రతి కాలనీలో చెక్క గానుగ పెట్టి కళ్ళముందే ఆడించి ఇస్తున్నారు కదా, అందులో పల్లీ ప్రోటీన్ మిగిలే ఉంటుంది. పైగా అదే గానుగలో పొద్దున పల్లీలు, మధ్యాహ్నం కొబ్బరి, సాయంత్రం నువ్వులు. కాబట్టి ఆ షాపులో కొబ్బరి నూనె కొన్నా మీకు పనికిరాదు. సీలు వేసిన రిఫైన్డ్ సన్‌ఫ్లవరో, తవుడు నూనో వాడుకోండి. నెయ్యిలో పాల ప్రోటీన్ జాడలు ఉంటాయి, డాక్టర్ సరేననే దాకా పక్కన పెట్టండి.

నూనె కంటే ఎక్కువ కొంపముంచేది మిక్సీ జార్. మూత లోపలి రబ్బరు రింగు తీసి చూడండి. ఎన్నిసార్లు కడిగినా గాడిలో పాత చట్నీ తెల్లగా గట్టిపడి ఉంటుంది. బ్లేడు కింద కూడా అంతే. పాపకు ఒక చిన్న జార్ విడిగా కొని, మూత మీద రంగు టేపు వేసేయండి. చెక్క గరిటె, రోలు, గీతలు పడ్డ ప్లాస్టిక్ డబ్బాలు, పోపుల పెట్టెలో చెంచా, ఇవి కూడా విడిగానే. స్టీలు గిన్నెలకు సబ్బుతో తోమితే సరిపోతుంది.

కిరాణాలో విడిగా అమ్మే పుట్నాలు, పప్పులు కొనకండి. బేగంబజార్‌లో అయినా గల్లీ షాపులో అయినా పల్లీల బస్తా పక్కనే పుట్నాల బస్తా, రెండింటికీ ఒకటే చేట. ప్యాకెట్‌వి తీసుకుని ఇంట్లో పళ్ళెంలో పోసి ఏరుకోండి. ఆకుకూరలు, మునగాకు ఎర్రగడ్డ, కూకట్‌పల్లి రైతుబజార్లలో పొద్దున్నే తాజాగా దొరుకుతాయి, వాటితో ఏ గొడవా లేదు.

ప్యాకెట్ల మీద చూడాల్సింది రెండు చోట్ల. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) 2020 లేబులింగ్ నియమాల ప్రకారం గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు పీతల్లాంటివి, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు, గింజపప్పులు, సోయా, మోతాదు దాటిన సల్ఫైట్లు ఉంటే "కంటెయిన్స్" అని విడిగా రాయాలి. నువ్వులు, ఆవాలు ఆ జాబితాలో లేవు. ఆ లైనులో నువ్వులు కనపడలేదని ధీమా పడకుండా పదార్థాల జాబితా మొత్తం చదవాలి. పాలకు మారుపేర్లు: మిల్క్ సాలిడ్స్, వే పౌడర్, కేసిన్, సోడియం కేసినేట్, బటర్ మిల్క్ పౌడర్. "నాన్ డైరీ క్రీమర్" అని ఉన్నవాటిలో కూడా కేసినేట్ ఉంటుంది, పేరు చూసి మోసపోకండి. ఆకుపచ్చ చుక్క ఉంటే పాలు ఉండొచ్చనే లెక్క. కంపెనీలు ఫార్ములా మారుస్తుంటాయి కాబట్టి తెలిసిన బిస్కెట్ అయినా కొన్న ప్రతిసారీ చదవండి.

పెరుగుకు సోయా పెరుగు తోడుపెట్టుకోవచ్చు. అందరూ చేసే పొరపాటు తోడు దగ్గర: మామూలు పెరుగే ఒక చెంచా వేస్తారు, దాంతో పాల ప్రోటీన్ లోపలికి వచ్చేస్తుంది. పచ్చిమిరపకాయల తొడిమలతో తోడుపెట్టండి. అర లీటరు తీపి లేని సోయా పాలు గోరువెచ్చగా చేసి, అర టీస్పూన్ పంచదార కలిపి, కడిగి ఆరబెట్టిన ఏడెనిమిది తొడిమలు వేసి మూతపెట్టి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కదపకండి. మొదటి విడత పల్చగా, కొంచెం మిరప వాసనతో వస్తుంది. దాన్ని తినడానికి వాడకుండా రెండు చెంచాలు తీసి కొత్త సోయా పాలకు తోడేయండి. రెండో విడత గట్టిగా తోడుకుంటుంది. పాలు మరీ వేడిగా ఉంటే తొడిమల మీది బ్యాక్టీరియా చచ్చి విరిగిపోతుంది. చలికాలంలో గిన్నెను బియ్యం డబ్బాలో పెడితే తోడుకుంటుంది. గులాబీ రంగు తిరిగినా, ముక్కిన వాసన వచ్చినా పారబోయడమే. అన్నంలో కలిపి అల్లం, కరివేపాకు, ఆవాల పోపు పెడితే సోయా వాసన పెద్దగా తెలియదు.

చట్నీలకు కొబ్బరి, టమాటా-ఉల్లిపాయ, అల్లం, పుట్నాలు ఉన్నాయి. పల్లీ వేయందే చట్నీ చిక్కబడదు అనుకుంటాం గానీ వేయించిన మినప్పప్పు రెండు చెంచాలు రుబ్బితే అదే చిక్కదనం.

దావత్_క్యాటరింగ్:

అక్కా, బయట తిండి గురించి మా వైపు నుంచి చెప్తున్న. హైదరాబాద్ వంటల పల్లీ, పాలు ఏడ దాక్కుంటయో తెలుస్తే సగం పని అయినట్టే.

బిర్యానీ: మాంసం నానబెట్టేదే పెరుగుల. మీద నెయ్యి కూడా పోస్తరు. దాంతోటి ఇచ్చే మిర్చి కా సాలన్ అంటే పల్లీ, నువ్వులు, ఎండుకొబ్బరి నూరిన ముద్దే. బగారా బైంగన్ కూడా గంతే. అంటే బిర్యానీ ప్లేట్ల మీ పాపకు పడనివన్నీ ఒక్క దగ్గరనే ఉన్నయి. హలీంల గోధుమలు, నెయ్యి, జీడిపప్పు. చికెన్ 65, తందూరీలు పెరుగుల నానుతయి. నాన్ పిండిల పాలో పెరుగో కలుస్తది. ఖుర్బానీ కా మీఠాల పండు వరకు మంచిదే గానీ మీద మలాయి, బాదం పలుకులు ఏస్తరు. డబుల్ కా మీఠా అయితే చూడకుండనే వద్దని చెప్పుండ్రి.

కర్రీ పాయింట్లు అస్సలు నమ్మొద్దు. జీడిపప్పు ధర ఎక్కువ, గ్రేవీ చిక్కబడాలంటే పల్లీ పొడి కలిపేటోళ్ళు ఉంటరు. వంట చేసినోడు పొద్దున పోయిండు, అమ్మేటోనికి అండ్ల ఏముందో తెల్వదు. గంటెలు కూడా పప్పులకెల్లి కూరలకు, కూరలకెల్లి పులుసుకు తిరుగుతనే ఉంటయి. టిఫిన్ బండి మీద ఇడ్లీ మంచిదే, కానీ చట్నీ గిన్నెల ముంచిన చెయ్యితోనే ఇడ్లీ తీస్తడు. దోశ పెనం మీద వెన్న పూస్తరు. మిర్చి బజ్జీ కడాయిల పల్లీ పకోడీ కూడా ఏగుతది, నూనెల ప్రోటీన్ ఉండిపోతది. వేడికి పోతది అనుకునుడు తప్పు.

"అలర్జీ ఉంది, ఏం కాదు కదా?" అని అడిగితే "ఏం కాదు మేడమ్" అనే చెప్తరు. గట్ల అడగొద్దు. "గ్రేవీ దేంతోటి చిక్కగ చేస్తరు? వేపుడుకు వేరే కడాయి ఉందా? పప్పుల పోపు నెయ్యితోనా, నూనెతోనా?" అని ముక్కుసూటిగ అడుగుండ్రి. వెయిటర్‌ని కాదు, కిచెన్‌ల ఉన్నోన్ని. జవాబు తడబడితే అన్నం, ఉడకబెట్టిన గుడ్డు (డాక్టర్ సరే అన్నంక), అరటిపండుతోటి ఆ పూట దాటేయుండ్రి. పది దగ్గరలు, అంతకన్న ఎక్కువ ఉన్న చైన్ హోటళ్ళు అలర్జీ వివరాలు ఇయ్యాలె అని రూల్ ఉంది, అడిగితే చార్టు చూపెట్టాలె. మధ్యాహ్నం పన్నెండు లోపల పోతే పెనం, నూనె తాజాగ ఉంటయి, చెప్పింది వినే ఓపిక కూడా ఉంటది.

ఫంక్షన్లకు పోయేటప్పుడు ముందు రోజే వంట మేస్త్రితోటి మాట్లాడుండ్రి. పప్పుల నెయ్యి పోపు పెట్టకముందే, కూరల ముద్ద కలపకముందే ఒక గిన్నె తీసి పెట్టమంటే ఎవ్వరూ కాదనరు. వడ్డించే టైంకు చెప్తే మాత్రం మా చేతుల ఏం ఉండదు. సద్దుల బతుకమ్మ నాడు ఇంకా పైలం. పల్లీ సత్తు, నువ్వుల సత్తు పొడిపొడిగ అందరి చేతులకు అంటి ఉంటది, పిల్లలు ఒకరి నోట్ల ఒకరు పెట్టుకుంటరు. సకినాలల్ల నువ్వులు, సర్వపిండిల పల్లీ, నువ్వులు రెండూ. ఇంట్ల చేస్తే బియ్యప్పిండిల నానిన శనగపప్పు, కరివేపాకు, ఉల్లాకుతోటి సర్వపిండి మంచిగనే వస్తది (శనగపప్పు సంగతి ఒక్కసారి డాక్టర్‌ని అడిగి).

కూకట్‌పల్లి_హాస్టల్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాకు గోధుమ అలర్జీ. జొన్న రొట్టె, ఇడ్లీ మీదే బతుకుతున్నా, అయినా అప్పుడప్పుడూ దద్దుర్లు వస్తున్నాయి. ఎక్కడ తేడా కొడుతోంది?

వంటింటి_లేబుల్:

మూడు చోట్ల చూడు తమ్ముడూ. ఒకటి గిర్నీ. గోధుమలు పట్టిన వెంటనే అదే రాళ్ళలో నీ జొన్నలు పోస్తే మొదటి కిలోలో గోధుమపిండి ఉన్నట్టే. సీలు వేసిన జొన్నపిండి కొను, లేదా ఇంటి మిక్సీలో పట్టు. రెండోది ఇంగువ. మార్కెట్లో దొరికే ఇంగువ చాలావరకు మైదాతోనో గోధుమపిండితోనో కలిపిందే. సాంబారు, పులిహోర, పచ్చళ్ళ ద్వారా రోజూ లోపలికి పోతుంది. బియ్యప్పిండితో చేసినవి ఉన్నాయి, డబ్బా వెనక చదువు. మూడోది సోయా సాస్, అందులోనూ గోధుమ ఉంటుంది. ఇడ్లీ రవ్వ బియ్యానిదే, కానీ రవ్వ దోశ, ఉప్మా, సేమ్యా గోధుమవే. నీది అలర్జీయా, సీలియాకా (గోధుమలోని గ్లూటెన్ వల్ల పేగు దెబ్బతినే జబ్బు) అన్నది తేలిందా? తేలకపోతే పూర్తిగా మానేయకముందే టెస్టు చేయించుకో. నెలల తరబడి గోధుమ మానేశాక సీలియాక్ టెస్టు చేస్తే తప్పుగా నెగెటివ్ వస్తుంది. మిగతాది విడిగా అడుగు, ఇక్కడ మేడమ్ గారి ప్రశ్న పక్కదారి పడుతుంది.

పిల్లల_వార్డు_నర్సు:

స్కూలు, ఎమర్జెన్సీ గురించి. మేడమ్, పల్లీ తిని దగ్గు వచ్చిందన్నారు. ఊపిరి దాకా వెళ్ళిన రియాక్షన్ అది. ఇంట్లో, స్కూల్లో అడ్రినలిన్ ఇంజెక్షన్ (తీవ్రమైన అలర్జీ రియాక్షన్‌కు మొదటి మందు) ఉంచుకోవాలా అని ఈసారి డాక్టర్‌ని సూటిగా అడగండి.

మన దగ్గర ఆటో ఇంజెక్టర్లు (మోతాదు ముందే నింపి ఉండే, తొడకు నొక్కే ఇంజెక్షన్లు) మందుల షాపుల్లో తేలిగ్గా దొరకవు. అందుకని కొంతమంది డాక్టర్లు ఆంప్యూల్, సిరంజి రాసిచ్చి నేర్పిస్తారు. మోతాదు కిలోకు 0.01 మిల్లీగ్రాము. 18 కిలోలకు 0.18 మిల్లీగ్రాము, అంటే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉండే ఆంప్యూల్‌లోంచి 0.18 మిల్లీలీటరు. తొడ మధ్యలో, బయటి వైపు, కండలోకి నిటారుగా. ఇన్సులిన్ సిరంజి వాడొద్దు: దాని మీద యూనిట్ల గీతలుంటాయి, సూది కూడా కండ దాకా వెళ్ళదు. 1 మిల్లీలీటరు సిరంజికి డాక్టర్ చెప్పిన సూది పెట్టి, 0.18 గీత మీద మార్కర్‌తో గుర్తు వేసుకోండి. బరువు పెరిగినప్పుడల్లా మోతాదు మార్పించుకోవాలి. ఆంప్యూల్ వెలుతురు తగలకుండా, 25 డిగ్రీలలోపు ఉంచండి, ఫ్రీజర్‌లో వద్దు. మే నెలలో కారు డాష్‌బోర్డులో వదిలేస్తే పనికిరాదు. రంగు మారితే పారేయండి.

గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, ఆగని దగ్గు, సొమ్మసిల్లడం, దద్దుర్లతోపాటు మళ్ళీమళ్ళీ వాంతులు, వీటిలో ఏది కనిపించినా ముందు అడ్రినలిన్, వెంటనే 108. సెట్రిజిన్ దద్దుర్లకు, దురదకు పనికొస్తుంది. ఊపిరి ఆడకపోవడాన్ని, బీపీ పడిపోవడాన్ని ఆపలేదు. "ముందు సిరప్ వేసి చూద్దాం" అనుకుంటూ పోగొట్టుకునే పది నిమిషాలే ప్రాణం మీదికి తెస్తాయి. పాపను పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తులో పెట్టండి; ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి; లేచి నడవనివ్వొద్దు. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల్లో రెండో మోతాదు. తగ్గినట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబెట్టొచ్చు.

స్కూలుకు డాక్టర్ సంతకంతో ఒక్క పేజీ చాలు: పాప ఫోటో, పడనివి, లక్షణాలు, చేయాల్సిన పని వరుసగా. క్లాస్ టీచర్‌కి, ఆయాకి, బస్సులో ఉండే ఆమెకి తలో కాపీ. ఆయా విషయంలో మొహమాటపడకండి, లంచ్ దగ్గర ఉండేది ఆవిడే. చేతులు సబ్బుతో కడిగిస్తే పల్లీ ప్రోటీన్ పోతుంది, శానిటైజర్‌తో పోదు. ఈ ఒక్క విషయం స్కూళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. పక్క పిల్ల పల్లీ చట్నీ తింటోందని మీ పాపను వేరే గదిలో కూర్చోబెట్టనివ్వొద్దు, వాసనకు ప్రమాదం రాదు, నోట్లోకి వెళ్తేనే. డబ్బా, చెంచా, నీళ్ళ సీసా పంచుకోకూడదు, అంతే. పుట్టినరోజు చాక్లెట్లకు బదులుగా టీచర్ దగ్గర పాపకు పడే మిఠాయిల డబ్బా ఒకటి ముందే ఇచ్చి ఉంచండి.

మియాపూర్_మామ్:

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. ప్యానెల్ రిపోర్టు పట్టుకుని సోమవారం డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాం. ఇంకో రెండు. ఈ అలర్జీలు పెద్దయ్యాక పోతాయా? చిన్నవాడికి ఏడో నెల నడుస్తోంది, వాడికీ పల్లీలు, పాలు పెట్టకుండా ఉండటమే మంచిదా?

తార్నాక_డైటీషియన్:

పాల అలర్జీ చాలామంది పిల్లల్లో పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. పల్లీది సుమారు ఐదుగురిలో ఒకరికే పోతుంది. ఏటా ఒకసారి చూపించుకుంటూ ఉండండి. పాలు నేరుగా పడకపోయినా, ఓవెన్లో బాగా కాలిన కేకులో కలిసిన పాలు పడే పిల్లలు ఎక్కువమందే ఉంటారు. ఆ పరీక్ష కూడా ఆసుపత్రిలోనే, ఇంట్లో బిస్కెట్‌తో కాదు.

చిన్నవాడికి ఆపొద్దు. దూరం పెట్టడం వల్లే మేలు అన్నది పాత మాట. లండన్‌లో చేసిన లీప్ అధ్యయనం 2015లో వచ్చింది. అలర్జీ ముప్పు ఎక్కువున్న పసిపిల్లలకు నాలుగు నుంచి పదకొండు నెలల మధ్య పల్లీ మొదలుపెట్టి కొనసాగిస్తే ఐదేళ్ళ నాటికి పల్లీ అలర్జీ దాదాపు 80 శాతం తగ్గిందని తేలింది. వాడికి తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలర్జీ గానీ ఉంటే ముందు డాక్టర్‌కు చూపించి టెస్టు చేయించాకే. అవి లేకపోతే, ఒంట్లో బాగున్న రోజు పొద్దున మెత్తటి పల్లీ పేస్టు గోరువెచ్చటి నీళ్ళలో పల్చగా కలిపి చెంచా కొనతో పెట్టి పది నిమిషాలు చూడండి. ఏమీ లేకపోతే మిగతాది, ఆపైన రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి. పడితే వారానికి మూడుసార్లు, ఒక్కోసారి రెండు టీస్పూన్ల దాకా, మానకుండా. గింజలు గింజలుగా ఐదేళ్ళ దాకా పెట్టకూడదు, గొంతులో అడ్డం పడతాయి. పాల సంగతీ అంతే: అలర్జీ లక్షణాలు లేకపోతే ఎనిమిదో నెలలోపు అన్నంలో కాస్త పెరుగు కలిపి పెట్టొచ్చు. తల్లిపాలకు బదులుగా ఆవు పాలు తాగించడం మాత్రం ఏడాది నిండాకే.

అక్క ఇంట్లో ఉండగా ఇది ఎలా అంటారా? పాప స్కూలుకు వెళ్ళాక పెట్టండి. పల్లీలు మీ మిక్సీలో ఆడించకుండా, ఉప్పు, పంచదార లేని పీనట్ బటర్ చిన్న సీసా కొని, మూతకు టేపు వేసి పై అరలో దాచండి. చెంచా, గిన్నె, వాడి బిబ్, మీ చేతులు సబ్బుతో కడగండి. వాడి మూతి కూడా. స్కూలు నుంచి రాగానే పాప మొదట చేసేది తమ్ముడికి ముద్దు పెట్టడమే కదా.